సమ్మె నోటీసు నుంచి సంతకం దాకా: రాజీ చర్చల గదిలో తేదీల లెక్క

(కార్మిక సంఘాల ప్రతినిధుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

మిత్రులందరికీ నమస్కారం.

సమ్మె మంచిదా చెడ్డదా అనే చర్చ ఇవాళ పెట్టుకోవడం లేదు. బకాయిలు ఇవ్వకపోతే, ఒప్పుకున్న జీతం పెంచకపోతే, తోటివాణ్ని కారణం లేకుండా గేటు బయటికి పంపితే పని ఆపే హక్కు కార్మికుడికి ఉండి తీరాలి. ఇందులో నాకు సందేహం లేదు, ఇక్కడ కూర్చున్న మీకూ ఉండదు. నా బాధ వేరే. డిమాండ్ నూటికి నూరుపాళ్లు న్యాయమైనదే అయినా, ఒక్క తేదీ తప్పితే ఆ సమ్మె చట్టవిరుద్ధం అయిపోతుంది. అప్పుడు చర్చ జీతాల మీద నుంచి జారిపోయి సస్పెన్షన్ల మీదికి వస్తుంది. కాబట్టి ఇవాళ తేదీల గురించి, ఆ తేదీలు నడిచే రాజీ చర్చల గది గురించి మాట్లాడతాను.

ముందు ఆ గదిలో మధ్యలో కూర్చునే మనిషి సంగతి. ఆయన కార్మిక శాఖ నియమించిన కన్సిలియేషన్ ఆఫీసర్, అంటే రాజీ కుదిర్చే అధికారి. రాష్ట్ర పరిధిలో అసిస్టెంట్ లేబర్ కమిషనరో, డిప్యూటీ కమిషనరో ఆ కుర్చీలో ఉంటారు. రైల్వేలు, గనులు, బ్యాంకులు, బీమా, పెద్ద ఓడరేవుల్లాంటివి కేంద్రం పరిధి. వాటి వివాదాలు చీఫ్ లేబర్ కమిషనర్ కింద పనిచేసే కేంద్ర అధికారుల దగ్గరికి వెళ్తాయి. సింగరేణి కార్మికుడు కేంద్ర అధికారి ముందుకి, ఆర్టీసీ కార్మికుడు రాష్ట్ర అధికారి ముందుకి వెళ్లేది అందుకే. నోటీసు తప్పు కార్యాలయంలో ఇచ్చి, వారం తర్వాత "ఇది మా పరిధి కాదు" అనిపించుకున్న సంఘాలు ఉన్నాయి. ఆ వారం తిరిగి రాదు.

ఆ అధికారి జడ్జి కాదు. ఇంత జీతం పెంచు అని యాజమాన్యాన్ని ఆదేశించలేడు, సమ్మె మానుకో అని మిమ్మల్నీ ఆదేశించలేడు. ఇరుపక్షాలనూ పిలిపించగలడు, కాగితాలు తెప్పించగలడు, జరిగింది రికార్డు చేయగలడు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. చర్చలు నడుస్తున్నంత కాలం సమ్మె చేయకూడదని చట్టం అంటుంది కాబట్టి, చర్చలు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ముగించాలో ఆయన చేతిలో ఉండటం వల్ల కాలం ఆయన చేతిలో ఉన్నట్టే.

సమ్మె హక్కు ఎక్కడ ఉంది అని అడుగుతారు. రాజ్యాంగంలో నేరుగా లేదు. 19వ అధికరణం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. సంఘం పెట్టుకునే హక్కులోనే సమ్మె హక్కు కూడా ఉందన్న వాదనను అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో 2003లో రంగరాజన్ కేసులో ఇంకా గట్టిగా, వాళ్లకి ప్రాథమిక హక్కే కాదు, చట్టబద్ధమైన హక్కు, నైతిక హక్కు కూడా లేవంది. సంఘ స్వేచ్ఛ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 87, 98 నంబర్ల ఒడంబడికలను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అలాగని పారిశ్రామిక కార్మికుడికి హక్కే లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. 1921లో మద్రాసులో బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లు వివాదంలో యూనియన్ నాయకుల మీద హైకోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. ఆ దెబ్బ తర్వాతే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టర్ అయిన యూనియన్ సభ్యుల మీద వివాదం పేరుతో నేరపూరిత కుట్ర కేసులు, నష్టపరిహారం దావాలు నిలవకుండా రక్షణ ఇచ్చింది ఆ చట్టమే. ఆ రక్షణ ఇవాళ్టి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఉంది. మనకున్నది చట్టం ఇచ్చిన హక్కు. చట్టం ఎక్కడెక్కడ వద్దందో అవి తీసేస్తే మిగిలేదే మన సమ్మె హక్కు. అందుకే ఆ నిషేధాలు అక్షరం అక్షరం తెలియాలి.

2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, ఈ మూడూ ఇందులో కలిసిపోయాయి. సమ్మె విషయంలో వచ్చిన పెద్ద మార్పు ఒకటి మనసులో పెట్టుకోండి. పాత చట్టంలో, అంటే 1947 చట్టంలో, ముందస్తు నోటీసు తప్పనిసరి అన్నది రైల్వే, రవాణా, నీరు, విద్యుత్తు లాంటి ప్రజోపయోగ సేవలకే. మామూలు ఫ్యాక్టరీలో నోటీసు లేకుండా సమ్మెకు దిగినా, ఒప్పందం అమల్లో లేకపోతే, కేసు కోర్టులో లేకపోతే, అది చట్టవిరుద్ధం కాదు. ఇప్పుడు ఆ తేడా పోయింది. నూలు మిల్లయినా, మందుల కంపెనీ అయినా, బిస్కెట్ల ఫ్యాక్టరీ అయినా నోటీసు ఇవ్వాల్సిందే. ఇంకొకటి, మూకుమ్మడి క్యాజువల్ లీవు. ఒకే రోజున కార్మికుల్లో సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని లీవు పెడితే కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. "సమ్మె కాదు సార్, అందరూ సెలవు పెట్టారు" అనే పాత పద్ధతి ఇక పనిచేయదు.

ఇక క్యాలెండర్. పెన్నులు తీయండి, ఇది రాసుకోవాల్సిన విషయం.

మార్చి 1న సమ్మె నోటీసు ఇచ్చారనుకుందాం. ఇచ్చిన తర్వాత 14 రోజులు సమ్మె చేయకూడదు. అంటే 16వ తేదీకి ముందు కుదరదు. నోటీసులో మీరు ఏ తేదీ వేస్తే ఆ తేదీకి ముందు కూడా కుదరదు. నోటీసు చెల్లుబాటు 60 రోజులు. అంటే ఏప్రిల్ 30తో దాని ఆయుష్షు తీరిపోతుంది. ఏప్రిల్‌లో చర్చలు సాగుతున్నాయి కదా అని వాయిదా వేసి మే మొదటి వారంలో దిగితే, అది నోటీసు లేని సమ్మె కిందికే వస్తుంది. మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ 14 రోజులు.

నోటీసు అందిన ఐదు రోజుల్లో యాజమాన్యం ప్రభుత్వానికీ, కన్సిలియేషన్ ఆఫీసర్‌కీ తెలియజేయాలి. దాని మీద ఆధారపడకండి. అదే రోజున మీరే ఆఫీసర్‌కి కాపీ ఇచ్చి, ముద్ర, తేదీ, సంతకంతో రసీదు తీసుకోండి.

నోటీసు వస్తే ఆఫీసర్ చర్చలు జరపక తప్పదు. పాత చట్టంలో ఆయన చేతికి నోటీసు అందిన రోజే చర్చలు మొదలైనట్టు లెక్క. కోడ్‌లో అలా కాదు, నోటీసు అందాక ఆయన పెట్టే మొదటి సమావేశం రోజే మొదలు. ఈ చిన్న తేడాలో చాలా ఉంది. మార్చి 12న మొదటి సమావేశం పెట్టాడనుకోండి. సమ్మె నోటీసు ఉన్న వివాదం కాబట్టి 14 రోజుల్లో, అంటే 26లోపు, నివేదిక పంపాలి. నోటీసు లేని మామూలు వివాదానికైతే 45 రోజులు. 26న చర్చలు విఫలమయ్యాయని నివేదిక ఇచ్చాడు. ముగిసిన తర్వాత ఇంకో ఏడు రోజులు సమ్మె నిషేధం. ఏప్రిల్ 2 దాటాక, అంటే 3న మీకు దారి తెరుచుకుంటుంది. నోటీసుకి ఇంకా 27 రోజుల ఆయుష్షు మిగిలి ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు ఇరుకు ఆ ఏడు రోజుల్లో ఉంది.

పాత చట్టంలో చర్చలు విఫలమైతే వివాదాన్ని లేబర్ కోర్టుకి పంపాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయించేది. కోడ్‌లో ప్రభుత్వం మధ్యలో అక్కర్లేదు. విఫల నివేదిక అందిన 90 రోజుల్లో ఏ పక్షమైనా నేరుగా ట్రిబ్యునల్‌కి, అంటే పారిశ్రామిక వివాదాలు విచారించే న్యాయస్థానానికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. కార్మికుడికి ఇది మేలే. ఏళ్ల తరబడి ప్రభుత్వ ఫైళ్లలో నలిగే బాధ తప్పింది. కానీ "ఏ పక్షమైనా" అన్నారు. యాజమాన్యం కూడా పెట్టుకోవచ్చు. ట్రిబ్యునల్‌లో కేసు ఉన్నంత కాలం, ముగిశాక ఇంకో 60 రోజులు సమ్మె నిషేధం. మీరు ఏప్రిల్ 3 కోసం ఎదురుచూస్తుంటే, యాజమాన్యం మార్చి 28న ట్రిబ్యునల్‌లో ఒక దరఖాస్తు పడేస్తే చాలు, మీ దారి మూసుకుపోతుంది. అదే మీరు చట్టప్రకారం సమ్మె మొదలుపెట్టేశాక యాజమాన్యం దరఖాస్తు పెడితే, నడుస్తున్న సమ్మె ఆ కారణంతో చట్టవిరుద్ధం కాదని కోడే చెబుతోంది. మొదలైన సమ్మెకి రక్షణ ఉంది, మొదలు కాబోయే సమ్మెకి లేదు. ఆ ఏడు రోజులు యాజమాన్యం చేతికి చట్టం అప్పనంగా ఇచ్చిన గడువు. నా దృష్టిలో ఈ కోడ్‌లో కార్మికుడికి అన్నిటికంటే కఠినమైన చోటు ఇదే, దీన్ని మార్చాలని అడగడం ప్రతి సంఘం బాధ్యత.

మారేదాకా ఏం చేయాలి? బేరం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలి. ఇంతకుముందు గేటు దగ్గర జెండా పాతాక బేరం మొదలయ్యేది. ఇప్పుడు ఆ 14 రోజుల్లో, ఆ గదిలోనే బేరం జరిగిపోవాలి. "చర్చలు నామమాత్రం, తర్వాత చూసుకుందాం" అని వెళ్లే సంఘానికి ఆ తర్వాత అనేది రాకపోవచ్చు. తయారీ మొత్తం మొదటి సమావేశానికి ముందే జరగాలి.

నోటీసు దగ్గర మొదలుపెడదాం. డిమాండ్ల పత్రంలో 40 డిమాండ్లు ఉంటే 40 నిమిషాల్లో ఆఫీసర్ అలసిపోతాడు. ఆరో ఏడో ప్రధానమైనవి ముందు పెట్టండి, చిన్నవి విడిగా అనుబంధంలో పెట్టండి. ప్రతి డిమాండ్ కిందా ఇప్పుడు ఎంత ఉంది, ఎంత అడుగుతున్నాం, ఎప్పటి నుంచి, ఎంతమందికి, నెలకి మొత్తం ఎంత ఖర్చవుతుంది అని రాయండి. ఖర్చు లెక్క మీ దగ్గర లేకపోతే యాజమాన్యం చెప్పే లెక్కే రికార్డులోకి వెళ్తుంది. పాత ఒప్పందం గడువు ముగిసిందో లేదో చూడండి. గడువు రాయని ఒప్పందం ఆరు నెలలు నడుస్తుంది. గడువు ముగిశాక కూడా, ఒక పక్షం రద్దు నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా అది అమల్లోనే ఉంటుంది. ఒప్పందం అమల్లో ఉండగా అందులోని అంశం మీద సమ్మె చేయడం చట్టవిరుద్ధం. రద్దు నోటీసు ఇవ్వడం మరిచిపోయి సమ్మె నోటీసు ఇచ్చేయడం తరచుగా కనిపించే తప్పు.

నోటీసు మీద ఎవరు సంతకం చేయాలో నియమాల్లో ఉంటుంది. 1957 కేంద్ర నియమాల ప్రకారం రిజిస్టర్డ్ యూనియన్ కార్యదర్శి, ఎన్నికైన ఐదుగురు ప్రతినిధులు చేయాలి. మీ రాష్ట్రంలో అమల్లో ఉన్న నియమం, ఫారం ఏదో కార్మిక శాఖ కార్యాలయంలో కనుక్కుని అదే వాడండి. సమ్మె తేదీ స్పష్టంగా వేయండి. "ఏ క్షణంలోనైనా" అని రాస్తే ఆ నోటీసు మీద వాదన మొదలవుతుంది, మీకు అక్కర్లేని వాదన. నోటీసు పర్సనల్ మేనేజర్‌కి చేత్తో ఇచ్చి ఊరుకోకండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి.

రక్షిత కార్మికుల సంగతి చాలామందికి పట్టదు. వివాదం నడుస్తుండగా యూనియన్ ఆఫీస్ బేరర్లను తీసేయకుండా ఉన్న రక్షణ ఇది. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వంద మంది. కేంద్ర నియమాల్లో ఏటా ఏప్రిల్ 30లోపు యూనియన్ ఆ పేర్లు యాజమాన్యానికి రాసి ఇవ్వాలని ఉంది. వివాదం వచ్చాక ఇస్తే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు గదిలోకి వెళ్దాం. రాజీ చర్చల్లో లాయర్లకి ప్రవేశం లేదు, ఇద్దరికీ లేదు. కాబట్టి మాట్లాడేది మీరే. ఎంతమంది వెళ్లాలో ముందే తేల్చుకోండి. ఇద్దరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, అంతే. ఆఫీసర్ మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెడతాడు, తర్వాత విడివిడిగా మాట్లాడతాడు. ఆ విడి సమావేశం విలువైనది. మీరు ఎంతకు దిగగలరో అక్కడ ఆయనకి చెప్పవచ్చు, అయితే దిగే మెట్టు మీ కార్యవర్గం ముందే ఒప్పుకున్నది కావాలి. గదిలో నాయకుడు ఒకటి ఒప్పుకుని, బయట కార్మికులు కాదంటే ఆ సంఘం మాటకి ఆ కార్యాలయంలో ఇక విలువ ఉండదు.

యాజమాన్యం తరఫున ఎవరు వచ్చారో చూడండి. అధికారం లేని జూనియర్ హెచ్‌ఆర్ అధికారిని పంపి "పైవాళ్లని అడిగి చెబుతాం" అనిపించడం కాలం గడపడానికి వాడే మామూలు ఎత్తుగడ. ఒప్పందం మీద సంతకం చేసే అధికారం ఉందని రాతపూర్వక పత్రం చూపించమని మొదటి సమావేశంలోనే అడగండి. లేదంటే ఆ మాట మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది రాసే కాగితంలో, ఎక్కించండి. తర్వాత ట్రిబ్యునల్‌లో ఎవరు చర్చలకి సహకరించలేదో చెప్పేది ఆ వాక్యమే.

మినిట్స్ మీద ఒక మాట ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలా పోగొట్టుకుంటాం. ప్రతి సమావేశం ముగిశాక మినిట్స్ చదివి, మీ వాదన సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం చేయండి. "యూనియన్ సానుకూలంగా స్పందించింది" అని రాస్తే దేనికి సానుకూలమో రాయమనండి. మీరు చెప్పింది రాయకపోతే సంతకం పక్కనే మీ చేతిరాతతో రెండు వాక్యాలు రాయండి, లేకపోతే అదే రోజు విడి లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. తెల్ల కాగితం మీద, "తర్వాత టైపు చేస్తాం" అన్న కాగితం మీద సంతకం చేయనే చేయకండి.

ఆ 14 రోజుల గడువును పెంచాలంటే అన్ని పక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆఫీసర్ "ఇంకో పది రోజులు ఇవ్వండి" అని అడుగుతాడు. కాదనడం మర్యాదగా ఉండదని మనవాళ్లు సంతకం చేసేస్తారు. మీ సంతకానికి విలువ ఉన్నప్పుడు దాన్ని ఊరికే ఇవ్వకూడదు. గడువు పెంచుతున్నాం, దానికి బదులు ఆ పది రోజులూ ఎవరినీ సస్పెండ్ చేయరు, బదిలీ చేయరు, సరుకు బయటికి తరలించరు, కొత్త కాంట్రాక్టర్‌ని తీసుకురారు అని రాయించుకోండి. పొడిగించే ముందు నోటీసు 60 రోజుల లెక్క కూడా చూసుకోండి.

చర్చలు నడుస్తున్నంత కాలం కార్మికుడికీ ఒక కవచం ఉంది. పాత చట్టంలో 33వ సెక్షన్ ఇది, కోడ్‌లో 90వ సెక్షన్. వివాదానికి సంబంధించిన విషయంలో పని షరతులు యాజమాన్యం కార్మికులకి నష్టం కలిగేలా మార్చకూడదు. వివాదానికి సంబంధించిన ఆరోపణ మీద ఎవరినైనా తీసేయాలంటే ముందు అనుమతి కావాలి. సంబంధం లేని ఆరోపణ అయితే ఒక నెల జీతం చెల్లించి, వివాదం ఎవరి ముందు ఉందో ఆ అధికారి ఆమోదం కోసం దరఖాస్తు పెట్టాలి. ఆమోదం తీసుకోకపోతే ఆ తొలగింపు చెల్లనే చెల్లదని జైపూర్ జిల్లా సహకార భూమి అభివృద్ధి బ్యాంకు కేసులో 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చర్చల మధ్యలో ఎవరిదైనా ఉద్యోగం పోతే ముందు చూడాల్సింది ఇదే.

ప్రభుత్వమే యజమాని అయిన చోట మధ్యవర్తి పరిస్థితి వేరు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెకి ముందు, చర్చలు ఇంకా ముగియకుండానే మే 2న సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని అరెస్టు చేశారు. సుమారు 17 లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె మే 27న ముగిసింది. మన దగ్గర 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మె. అక్టోబర్ 5న మొదలైంది, దాదాపు 48 వేల మంది. ముగ్గురు ఐఏఎస్ అధికారుల కమిటీతో చర్చలు కుదరలేదు. గడువులోపు విధుల్లో చేరని వాళ్లు తమంతట తాము ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం అంది. అలాంటి తొలగింపు ఏ కార్మిక చట్టంలోనూ లేదు. ఆరోపణ, విచారణ, ఉత్తర్వు ఉండాలి. నవంబర్ 18న హైకోర్టు సమ్మె చట్టబద్ధతను తేల్చాల్సిన చోటు లేబర్ కోర్టేనంటూ, దాన్ని అక్కడికి పంపాలా అన్నది రెండు వారాల్లో నిర్ణయించమని కార్మిక శాఖకు వదిలింది. నవంబర్ 25న నాయకులు సమ్మె విరమించారు. చట్టవిరుద్ధమని నోటితో ప్రకటించే అధికారం ఏ మంత్రికీ, ఏ మేనేజర్‌కీ లేదని మీ కార్మికులకి చెప్పడానికి ఆ ఉదాహరణ గుర్తుంచుకోండి. అలాగే రాష్ట్రాల్లో ఎస్మా ఉంది, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల సమ్మె మీద 1971 నాటి చట్టం కింద దాన్నే ప్రయోగించారు. ఎస్మా ఉత్తర్వు వస్తే మనం ఇప్పటిదాకా వేసిన క్యాలెండర్ లెక్క పనిచేయదు, ఆ ఉత్తర్వునే విడిగా కోర్టులో సవాలు చేయాలి.

చట్టవిరుద్ధమైతే ఏమవుతుంది? పాత చట్టంలో కార్మికుడికి గరిష్ఠంగా 50 రూపాయల జరిమానా, లేదా నెల జైలు. కోడ్‌లో వెయ్యి నుంచి పది వేల దాకా జరిమానా, లేదా నెల జైలు, లేదా రెండూ. సమ్మెకి ప్రేరేపించిన వాళ్లకి, డబ్బు సాయం చేసిన వాళ్లకి పది వేల నుంచి 50 వేల దాకా. చందాలు పోగుచేసే ఇతర సంఘాలు ఇది తెలుసుకోవాలి. చట్టవిరుద్ధ లాకౌట్ చేసిన యజమానికి 50 వేల నుంచి లక్ష. కార్మికుడి నెల జీతం పక్కన పది వేలు పెట్టి చూడండి, కోట్ల టర్నోవర్ పక్కన లక్ష పెట్టి చూడండి, ఈ తూకం ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

జీతం సంగతి: సమ్మె కాలానికి జీతం రావాలంటే సమ్మె చట్టబద్ధమూ అయి ఉండాలి, న్యాయమైనదీ అయి ఉండాలి. 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో రాజ్యాంగ ధర్మాసనం రెండూ కావాలంది. అంతకుముందు 1990లో సుప్రీంకోర్టు, నాలుగు గంటల సమ్మెకి రోజంతా జీతం కోసినా ఒప్పేనంది. వేతనాల చట్టంలో ఇంకో నిబంధన ఉంది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని, సరైన నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా హాజరు కాకపోతే, హాజరు కాని రోజుల కోత మీద అదనంగా ఎనిమిది రోజుల దాకా జీతం కోయవచ్చు. "రోజుకి ఎనిమిది రోజుల జీతం కట్" అని సర్క్యులర్లలో కనిపించేది దీని ఆధారంగానే. ప్రతి సమ్మెకీ అది వర్తించదు, నోటీసు సరిగ్గా ఉంటే దానికి జవాబు ఉంది.

చివరగా, చర్చలు కుదిరితే సంతకం చేసే కాగితం. ఇంకా మనవాళ్లు "ట్వెల్వ్ త్రీ సెటిల్‌మెంట్", "ఎయిటీన్ వన్" అనే అంటారు, పాత సెక్షన్ల పేర్లతో. తేడా మాత్రం మారలేదు. కన్సిలియేషన్ ఆఫీసర్ ముందు చర్చల్లో కుదిరిన ఒప్పందం, అంటే ట్వెల్వ్ త్రీ, ఆ సంస్థలోని అందరినీ, రేపు చేరబోయే కార్మికుణ్ని కూడా కట్టిపడేస్తుంది. బయట ఇద్దరూ కూర్చుని రాసుకున్నది, అంటే ఎయిటీన్ వన్, సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. బయట కుదిరినా సరే, ఆఫీసర్ ముందుకి తెచ్చి అక్కడ సంతకం చేయించండి.

అందులో మాటలు చూడండి. "సానుభూతితో పరిశీలిస్తాం", "త్వరలో అమలు చేస్తాం", "కమిటీ వేస్తాం" అన్న వాక్యాలకి విలువ లేదు. ఎంత, ఎప్పటి నుంచి, బకాయి ఏ తేదీలోపు, ఎన్ని వాయిదాల్లో అని ఉండాలి. సమ్మె రోజుల్ని సెలవుగా సర్దుతారా, జీతం కోస్తారా అని ఉండాలి. ఇచ్చిన చార్జిషీట్లు, సస్పెన్షన్లు, పోలీసు ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటారని పేర్లతో సహా ఉండాలి. పేర్లు లేకుండా "ప్రతీకార చర్యలు ఉండవు" అని రాస్తే, నెల తర్వాత ఇద్దరిని వేరే కారణంతో పక్కన పెడతారు. డబ్బు అంకె స్పష్టంగా ఉంటే వసూలు సులువు. లెక్క తేలిన బకాయిని ప్రభుత్వ ధ్రువపత్రంతో భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయించుకునే వీలుంది. అంకె లేని హామీకి ఆ దారి లేదు.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: మా దగ్గర మూడు సంఘాలున్నాయి. చర్చలకి ఎవర్ని పిలుస్తారు?

యాజమాన్యంతో బేరమాడే యూనియన్ గుర్తింపుకి కోడ్ ఒక కొలత పెట్టింది. మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే ఏకైక బేరసారాల యూనియన్. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గని సంఘాలన్నీ కలిసి ఒక కౌన్సిల్ అవుతాయి, ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి. 19 శాతం ఉన్న సంఘానికి అందులో కుర్చీ లేదు. కాబట్టి చిన్న సంఘాలు డిమాండ్ల పత్రం రాసే ముందే కలిసి ఒకే పత్రం తయారు చేసుకోవడం మంచిది. మూడు నోటీసులు, మూడు తేదీలు ఉంటే ఎవరి గడువు ఎప్పుడు ముగుస్తుందో మీకే తెలియకుండా పోతుంది.

ప్రశ్న: యాజమాన్యం మీటింగ్‌కే రాకపోతే?

రప్పించే అధికారం ఆఫీసర్‌కి ఉంది, అది వాడమని రాతపూర్వకంగా అడగండి. గైర్హాజరు మినిట్స్‌లో ఎక్కించండి. రెండోసారీ రాకపోతే ఇంకో వాయిదాకి ఒప్పుకోకండి, విఫల నివేదిక ఇచ్చేయమని అడగండి. ఆ నివేదిక వస్తేనే మీ ఏడు రోజుల లెక్క మొదలవుతుంది. వాయిదాలు పడుతున్న కొద్దీ నష్టం మీకే.

ప్రశ్న: మేం కాంట్రాక్టు కార్మికులం. నోటీసు ఎవరికి ఇవ్వాలి?

కాంట్రాక్టర్‌కీ, ప్రధాన యజమానికీ, అంటే కాంట్రాక్టర్ ద్వారా మీ చేత పని చేయించుకునే సంస్థకీ, ఇద్దరికీ ఇవ్వండి. ఇద్దరినీ చర్చలకి పిలవమని ఆఫీసర్‌ని అడగండి. ఒక్క కాంట్రాక్టర్‌కే ఇస్తే, కాంట్రాక్టు గడువు ముగియగానే ఆయన వెళ్లిపోతాడు, మీ ఒప్పందమూ ఆయనతో పోతుంది. కాంట్రాక్టరు మారినా పాత కార్మికుల్ని కొనసాగిస్తామని ప్రధాన యజమాని సంతకం చేసిన వాక్యం ఒప్పందంలో ఉంటే మీ ఉద్యోగాలకి అదే ఆధారం.

ప్రశ్న: నోటీసు ఎందుకు, నెమ్మదిగా పనిచేస్తే సరిపోదా?

వద్దు. 1961లో భారత్ షుగర్ మిల్స్ కేసులోనే సుప్రీంకోర్టు గో-స్లోను తీవ్రమైన తప్పుగా చూసింది. అన్యాయమైన కార్మిక పద్ధతుల జాబితాలో కూడా అది ఉంది. పైగా గో-స్లోలో ఉత్పత్తి రికార్డు ప్రతి కార్మికుడి పేరు మీదా విడిగా ఉంటుంది. చార్జిషీటు సంఘానికి కాదు, మిషన్ దగ్గర నిలబడ్డ ఒక్కో మనిషికీ వస్తుంది. నోటీసు ఇచ్చి, తేదీ వేసి దిగిన సమ్మెలో ఆ భారం సంఘం మీద ఉంటుంది.